పేరు రాయని వాక్యం

మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైనా ఏడో తరగతి గదిలో పప్పుచారు వాసన పోలేదు. పిల్లలు ఇంకా టిఫిన్ డబ్బాలు బ్యాగుల్లో కుక్కుతూనే ఉన్నారు. రాధ టీచర్ చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘గివ్ అప్’ అని రాసింది.

“గివ్ అంటే?”

“ఇచ్చుడు!” క్లాసంతా ఒక్కసారే అరిచింది.

“అప్ అంటే?”

“పైకి!”

“మరి గివ్ అప్ అంటే పైకి ఇచ్చుడా?”

రంజిత్ లేచి నిలబడి, అటక మీద ఎవరో కూర్చున్నట్టు, వాళ్లకు చాయ్ గ్లాసు అందిస్తున్నట్టు చెయ్యి పైకి చాపాడు. అందరూ గొల్లుమన్నారు. టీచర్‌కు కూడా నవ్వు ఆగలేదు.

“ఇంగ్లీష్‌ల గిసొంటి మాటలు చాన ఉంటయి. రెండు చిన్న మాటలు కలుస్తయి, అర్థం ఇంకెటో పోతది. ‘హీ గేవ్ అప్’ అంటే నాతోని కాదని ఇడిసిపెట్టిండు. ‘హీ గేవ్ అప్ టీ’ అంటే చాయ్ తాగుడు మానేసిండు. ‘హీ గేవ్ అప్ హిజ్ సీట్’ అంటే బస్సుల తన సీటు ఇంకొకలకు ఇచ్చిండు. ఇంక గూడ అర్థాలున్నయి. గవి మీరే ఎతుక్కొని రావాలె.”

రేపటికి నాలుగు వాక్యాలు రాసుకు రమ్మంది. ఒక్కో వాక్యంలో ఒక్కో అర్థం ఉండాలి.

“గైడ్‌ల సూసి దింపుకొస్తే నాకు ఎర్కైతది. మీ ఇంట్ల, మీ వాడల నిజంగ జరిగినయి రాయుండ్రి. అన్నిట్ల మంచి వాక్యం చార్టు మీదికి ఎక్కుతది.”

హర్షిత గోడ వైపు చూసింది. పోయిన వారం ‘టేక్ ఆఫ్’ చార్టు ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఉన్నది రంజిత్ వాక్యం. ఇంగ్లీషులో ఎప్పుడూ హర్షితే ఫస్టు. ఆ చార్టు చూసినప్పుడల్లా ఆ చోట తన వాక్యం ఉండాల్సిందని ఆమెకు అనిపిస్తోంది.

పక్కనే కూర్చున్న పూజ మోచేత్తో మెల్లగా పొడిచింది. “గీసారి నీదే ఎక్కుతది సూడు” అంది చెవిలో.

మూడో తరగతి నుంచీ వాళ్లిద్దరిదీ ఒకటే బెంచీ.

ఆ సాయంత్రం హర్షిత ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద నోట్‌బుక్ పరుచుకుని కూర్చుంది. మొదటి వాక్యం సులభంగానే వచ్చింది. డాక్టర్ చెప్పాడని డాడీ చక్కెర మానేశాడు. రెండోది కూడా అంతే. మెట్‌పల్లి బస్సులో ఒకావిడకు తను సీటు ఇచ్చింది.

మూడోది, మధ్యలో వదిలేయడం. ఒక్క క్షణం ఆలోచించి, ‘మై బ్రదర్ గేవ్ అప్ హిజ్ కోచింగ్’ అని రాసింది.

పైన గదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. రఘు అన్నయ్య డాక్టర్ సీటు కోసం హైదరాబాద్‌లో కోచింగ్‌కు వెళ్లాడు. నాలుగు నెలలకే ఒక సంచి పట్టుకుని తిరిగొచ్చేశాడు. పదిహేను రోజులుగా ఆ గది దాటి రావడం లేదు. ఎవరైనా అడిగితే అమ్మ “సెలవులకచ్చిండు” అని చెబుతోంది. “ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నలుగురు నవ్వుతరు” అని హర్షితను పక్కకు పిలిచి మరీ చెప్పింది.

హర్షిత రబ్బరు తీసుకుని ఆ వాక్యాన్ని గట్టిగా తుడిచేసింది. కాగితం పలచబడేదాకా తుడిచింది. దాని బదులు, తను స్కిప్పింగ్ పోటీలో మధ్యలో ఆగిపోయిన సంగతి రాసింది.

నాలుగోదానికి ఏమీ తోచలేదు. అమ్మ ఫోన్ తీసుకుని డిక్షనరీ వెతికింది. అన్నింటికన్నా కింద ఒక అర్థం కనిపించింది. తనంతట తానే వెళ్లి పోలీసులకు లొంగిపోవడం. ‘గివ్ వన్‌సెల్ఫ్ అప్’. ఇది క్లాసులో ఎవరికీ తెలియదు, రంజిత్‌కు అసలే తెలియదు. హర్షిత వేళ్లు గబగబా పెన్సిల్ కోసం వెతికాయి.

నిజంగా జరిగింది రాయాలి. ఆమెకు ఒకటి తెలుసు.

సోమవారం లంచ్‌లో పూజ ఆమెను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకుపోయి చెప్పింది. పూజ వాళ్ల బాపు రవీందర్ మూడేళ్ల కింద దుబాయ్ వెళ్లాడు. పెట్టుకున్న యజమాని పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకున్నాడు. చెప్పిన పని ఒకటి, చేయించిన పని ఒకటి. భరించలేక రవీందర్ అక్కడి నుంచి బయటపడి, కాగితాలు లేకుండానే వేరేచోట కూలి చేసుకుంటూ బతికాడు. అలాంటివాళ్లు తామే వచ్చి చెప్పుకుంటే శిక్ష లేకుండా ఇంటికి పంపుతామని ఇప్పుడు అక్కడి సర్కారు చెప్పింది. ఆదివారం ఆయన ఫోన్ చేశాడు. రేపు పోలీసుల దగ్గరికి పోతున్నానని, ఆ తర్వాత ఫోన్ దగ్గర ఉండదని, భయపడవద్దని చెప్పాడు.

“మా నాయినమ్మకు ఎర్కలేదు. ఆమెకు షుగరు, బీపీ. పోలీసులంటే చాలు, పానం ఇడుస్తది. అమ్మ ఎవ్వలకు చెప్పద్దన్నది. నీకొక్కదానికే చెప్తున్న” అంది పూజ. చెప్తున్నంతసేపూ ఆమె చేతులు లంగా అంచును మెలిపెడుతూనే ఉన్నాయి.

హర్షిత ఒట్టు పెట్టింది.

ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని కాసేపు ఆగింది. పేరు రాయకపోతే సరిపోతుందనిపించింది. పూజ అనీ రాయలేదు, రవీందర్ అనీ రాయలేదు, దుబాయ్ మాట కూడా రాయలేదు. ‘మై ఫ్రెండ్స్ ఫాదర్ గేవ్ హిమ్‌సెల్ఫ్ అప్ టు ది పోలీస్’ అని మాత్రం రాసింది. రెండుసార్లు చదువుకుంది. స్పెల్లింగ్ తప్పులేమీ లేవు. నోట్‌బుక్ మూసి అన్నానికి లేచింది.

మర్నాడు శుక్రవారం. రాధ టీచర్ ఒక్కో నోట్‌బుక్ తిరగేస్తూ వచ్చింది. హర్షిత పుస్తకం దగ్గర ఆగింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

“చూసిన్రా, గీ అర్థం ఎవ్వలూ రాయలే! ఇనుండ్రి” అని గట్టిగా చదివింది. వెంటనే తెలుగులో కూడా చెప్పింది. “అంటే, మా దోస్తు వాళ్ల నాయిన పోలీసులకు లొంగిపోయిండు.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముప్పై తలలు ఒకేసారి తిరిగాయి. హర్షిత వైపు కాదు, ఆమె పక్కకు.

“పూజా, మీ బాపును దుబాయ్ పోలీసోళ్లు పట్టుకున్నరా?” అని అడిగాడు రంజిత్. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వాళ్ల ఇల్లూ పూజ వాళ్ల వాడలోనే.

“జైల్ల ఏసిన్రా?” అని వెనక బెంచీ నుంచి ఇంకెవరో అన్నారు.

“ఊకోండ్రి!” అంది టీచర్. ఆమె గొంతు మారిపోయింది. నోట్‌బుక్ మూసి బల్ల మీద పెట్టింది. “పాఠం తీయుండ్రి. ఇరవై రెండో పేజీ.”

పూజ ఏడవలేదు. పాఠం తీసింది. ఇరవై రెండో పేజీ మీద చెయ్యి పెట్టుకుని, గంట కొట్టేదాకా ఆ చెయ్యి తీయలేదు.

బయట గేటు దగ్గర హర్షిత పరుగెత్తుకుంటూ వెళ్లి ఆమెను అందుకుంది. “నేను పేరు రాయలే పూజా! దేవుని తోడు, పేరు రాయలే!”

పూజ నడక ఆపకుండానే అడిగింది. “నీకు ఎంతమంది దోస్తులున్నరు?”

పూజ వెళ్లిపోయింది.

శనివారం పూజ బడికి రాలేదు. సోమవారమూ రాలేదు. బెంచీ మీద హర్షిత ఒక్కతే కూర్చుంది. పక్కన ఖాళీ జాగాలో ఎవరూ బ్యాగు కూడా పెట్టలేదు.

లంచ్‌లో రంజిత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అతని ముఖం వాడిపోయి ఉంది. “నేను ఇంట్ల ఊకెనే అన్న, పూజోళ్ల బాపు పోలీసులకు దొరికిండట అని. మా అమ్మ పోయి వాళ్ల నాయినమ్మను అడిగింది. ఆమె గప్పటికెల్లి బువ్వ ముట్టలే. నిన్న కళ్లు తిరిగి పడ్డది. జగిత్యాల దవాఖానకు తీస్కపోయిన్రు. గ్లూకోస్ ఎక్కిచ్చిన్రట. పూజను వాళ్లమ్మ కొట్టింది. ఇంటి ముచ్చట బజార్ల పెట్టినవని.”

“పూజ ఏమన్నది?”

“ఏమనలే. నీ పేరు గూడ చెప్పలే.”

ఆ మధ్యాహ్నం హర్షిత అన్నం సగంలోనే వదిలేసింది. డబ్బా మూత పెట్టేసింది. తన పేరు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. చెప్పకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

మంగళవారం బడి వదిలాక ఆమె ఇంటికి వెళ్లకుండా పూజ వాళ్ల వాడకు నడిచింది. రెండుసార్లు మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మూడోసారి ఆగకుండా వెళ్లింది.

పూజ వాళ్లమ్మ సరోజన గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు. హర్షితను చూసి కూడా ఆమె చేతులు ఆగలేదు.

“ఆంటీ, పూజ బజార్ల చెప్పలే. నాకొక్కదానికే చెప్పింది. నేనే నోట్‌బుక్‌ల రాసిన. టీచర్ చదివింది.”

సరోజన చేతిలోని బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది.

“ఎందుకు రాసినవ్ బిడ్డా?”

హర్షిత దారి పొడుగునా చాలా జవాబులు అనుకుంటూ వచ్చింది. ఆ అర్థం ఎవరికీ తెలియదని, చార్టు మీదికి ఎక్కుతుందని. ఆ గడప ముందు నిలబడితే వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“తెల్వదు ఆంటీ” అంది.

సరోజన చాట పక్కకు జరిపి లోపలికి చూసింది. “నా బిడ్డను ఊకెనే కొట్టిన” అని తనలో తాను అన్నట్టుగా అంది. తర్వాత హర్షిత వైపు తిరిగింది. “నువ్వు చిన్నదానివి. నిన్ను ఏమంట? గాని నువ్వు రాసింది ఒకటి, వాడకట్టు మాట్లాడింది ఒకటి. పట్టుకున్నరు అంటున్నరు. దొంగతనం చేసిండంటున్నరు. లోపలికి పో. ముసలామె మంచంల ఉన్నది. నేను చెప్తే నమ్ముతలేదు. దాసిపెట్టిన గదా, ఇంక నా మాట ఎట్ల నమ్ముతది? నువ్వు రాసినవ్ గదా. నువ్వే చెప్పు.”

లోపల భూదేవి నాయినమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతి మీద సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది. పూజ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. హర్షితను చూసి తల దించుకుంది.

“నాయినమ్మా, ఆయనను ఎవ్వలు పట్టుకోలే” అంది హర్షిత. “ఆయన దొంగతనం చెయ్యలే. కాయితాలు లేనోళ్లు తమంతల తాము వస్తే ఇంటికి తోలిస్తమని గక్కడి సర్కారు చెప్పిందట. గందుకే ఆయనే పోయిండు. ఇంటికి రానీకే పోయిండు.”

ముసలామె మెల్లగా ఇటు తిరిగింది.

“వాడే పోయిండా?”

“ఆ, నాయినమ్మా.”

“ఒక్కడే పోయిండా? ఎంబడి ఎవ్వలన్న ఉన్నరా?”

హర్షిత పూజ వైపు చూసింది. పూజ తల ఎత్తలేదు.

“నాకు ఎర్కలేదు” అంది హర్షిత.

“వానికి చిన్నప్పటికెల్లి పోలీసోళ్లంటే భయం. ఠాణా ముంగటికెల్లి పోవాల్నంటే నా కొంగు పట్టుకునేటోడు.” ముసలామె కళ్లలోంచి నీళ్లు చెవుల మీదుగా కారాయి. తుడుచుకోలేదు. “ఒక్కడే ఎట్ల పోయిండో.”

ఆ వాక్యం రాసేటప్పుడు హర్షితకు స్పెల్లింగ్ గురించే దిగులు. అందులో ఒక మనిషి ఉన్నాడని, ఆయన భయపడుతూ ఒక గేటు లోపలికి నడిచి వెళ్లాడని ఆమెకు తట్టనే లేదు.

సరోజన పళ్లెంలో కొంచెం జొన్నరవ్వతో వండిన గట్క, మజ్జిగ కలుపుకుని వచ్చింది. ముసలామె రెండు ముద్దలు తిని చాలంది.

పూజ బయటి దాకా వచ్చింది. వాకిట్లో ఇద్దరూ నిలబడ్డారు.

“తప్పయింది పూజా.”

“మీ అన్న ముచ్చట ఎందుకు రాయలే?” అని అడిగింది పూజ.

హర్షిత ఒక్కసారిగా తల ఎత్తింది. “నీకెట్ల ఎర్క?”

“మీ ఇంటికచ్చినప్పుడు సూసిన. గదిల తలుపేసుకొని ఏడుస్తున్నడు. మీ అమ్మ నాతోని సెలవులకచ్చిండని చెప్పింది. నాకు అర్థమైంది.” పూజ గొంతులో కోపం కూడా లేదు. “నేనెవ్వలకన్న చెప్పిన్నా? నిన్ను గూడ అడగలే. నీకు బాధయితదని.”

ఆ మాట అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు పొద్దున ప్రార్థన కాకముందే హర్షిత క్లాసుకు వచ్చింది. శుక్రవారం సంగతి తెలియక, టీచర్ బల్ల మీద ఉండిపోయిన నోట్‌బుక్ చూసి, చార్టులు రాసే వేరే సెక్షన్ పిల్లలు ఎవరో ఆమె వాక్యాన్ని అందమైన అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు గుండుసూదులతో గుచ్చారు. పక్కన ఒక పువ్వు కూడా గీశారు. రాధ టీచర్ లోపలికి వచ్చేసరికి హర్షిత దాని ముందు నిలబడి ఉంది.

“టీచర్, గిది తీసెయ్యాలె. నాకు మార్కులు గూడ వద్దు.”

టీచర్ చార్టు వైపు చూసింది. కుర్చీ లాక్కుని ఎక్కి, తనే గుండుసూదులు ఒక్కొక్కటి పీకింది.

“నిజంగ జరిగినయి రాయమన్నది నేనే” అంది కిందికి దిగాక. “చదివే ముందు ఒక్కసారి ఆలోచించేది ఉండె. పూజ వచ్చినంక నేను మాట్లాడుత.”

గురువారం పూజ వచ్చింది. టీచర్ ఆమెను వరండాలోకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. లోపలికి వచ్చాక పూజ తన పాత చోటుకు రాలేదు. మూడో బెంచీలో శ్రీజ పక్కన కూర్చుంది. హర్షిత కాస్త పక్కకు జరిగి పెట్టుకున్న జాగా అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత చాలా వారాలు అంతే. ఎదురుపడితే పూజ “ఏందే” అనేది. రబ్బరు అడిగితే ఇచ్చేది. నీళ్ల ట్యాంకు వెనక్కి మాత్రం ఎప్పుడూ పిలవలేదు.

నెల దాటాక ఒక ఆదివారం హర్షిత డాడీతో పాటు కోరుట్ల బస్టాండ్ ఎదుట ఉన్న వాళ్ల ఎరువుల దుకాణానికి వెళ్లింది. అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది. దాంట్లోంచి బక్కచిక్కిన మనిషి ఒకడు చిన్న బ్యాగుతో దిగాడు. అప్పటికే అక్కడ ఎదురుచూస్తున్న పూజ, సరోజన అతని దగ్గరికి పరుగెత్తారు. సిమెంటు బల్ల మీద కూర్చున్న భూదేవి నాయినమ్మ లేవలేక రెండు చేతులూ చాపింది. రవీందర్ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఒళ్లో తల పెట్టి, పసిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

హర్షిత దుకాణం లోపలికి వెళ్లి, సంచుల వెనక స్టూలు మీద కూర్చుంది.

సోమవారం మొదటి పీరియడ్‌కు ముందు ఐదారుగురు ఆమె బెంచీ చుట్టూ మూగారు.

“పూజోళ్ల బాపు అచ్చిండట గదా. బస్టాండ్‌ల అందరి ముంగట ఏడ్సిండట. మీ దుకాణం గక్కడనే గదా, నువ్వు సూసినవా? ఎట్లున్నడు? జైలుకెల్లి అచ్చినట్టున్నడా?”

మూడో బెంచీలో పూజ వీపు కనిపిస్తోంది. ఆమె పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

ఆ ఒళ్లో పెట్టిన తల, ఆ వెక్కిళ్లు అన్నీ హర్షిత కళ్ల ముందే ఉన్నాయి. చెప్తే అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు.

“నాకు లెక్కలు కాలే” అంది హర్షిత, పుస్తకం తెరుస్తూ. “జరుగుండ్రి, ఎలుతురు పడ్తలేదు.”

వాళ్లు కాసేపు నిలబడ్డారు. ఆమె తల ఎత్తలేదు. ఒక్కొక్కరే గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

మూడో బెంచీలో పెన్ను మళ్లీ కదిలింది. పూజ వెనక్కి తిరిగి చూడలేదు. హర్షిత ఆమెను పిలవనూ లేదు. లెక్క కింద గీత గీసి, తర్వాతి లెక్క మొదలుపెట్టింది.